కూర్చుని చెప్పిన సాక్ష్యం

నా నొప్పికి ఇప్పటికీ పేరు లేదు. ఉంటే ఎంత సుఖంగా ఉండేదో! "ఏమైందమ్మా?" అని ఎవరైనా అడిగితే ఒక్క మాటలో చెప్పేసి నా దారిన నేను పోయేదాన్ని. పేరు లేకపోయేసరికి అందరికీ మొదటినుంచి చెప్పుకు రావాల్సి వస్తోంది. మొదట మోకాళ్ళు, తర్వాత కుడిచేతి వేళ్ళు, ఆ తర్వాత మణికట్లు, ఒక్కో వారం చీలమండలు. ఇవాళ ఉన్నచోట రేపు ఉండదు. సగం చెప్పేలోపే వినేవాళ్ళ ముఖం మీదికి "ఇంతేనా?" అన్న చూపు వచ్చేస్తుంది. మిగతా సగం నేను మింగేస్తాను.

మొదలైనప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. పద్మారావు నగర్‌లో ఒక చిన్న స్కూల్లో రెండో తరగతి టీచర్‌గా చేరి ఏడాదైనా కాలేదు. మా ఇల్లు సీతాఫల్‌మండిలో, రెండో అంతస్తులో. లిఫ్టు లేదు. ఆ మెట్లు చిన్నప్పటినుంచీ నేను రెండేసి చొప్పున దూకుతూ దిగినవే. ఒక పొద్దున మంచం దిగబోతే కాళ్ళు నావి కానట్టు బిగుసుకుపోయి ఉన్నాయి. ముందురోజు స్కూల్లో ఆటల పోటీలు జరిగాయి, పిల్లలతో పాటు నేనూ పరుగెత్తాను, అందుకే అనుకున్నాను. నెల తిరిగాక కూడా ఆ ఆటల పోటీలనే తిట్టుకుంటూ ఉన్నాను.

రెండో తరగతి టీచరుకి చదువు ఎంత ఉండాలో నాకు తెలియదు కానీ వేళ్ళలో బలం మాత్రం బాగా ఉండాలి. లంచ్ బెల్ కొట్టగానే పిల్లలు టిఫిన్ బాక్సులు పట్టుకుని నా బల్ల చుట్టూ మూగుతారు. పప్పు కారకూడదని వాళ్ళ అమ్మలు ప్రాణం పెట్టి బిగించిన మూతలవి. ఒకప్పుడు టకటకా తీసి ఇచ్చేదాన్ని. ఇప్పుడు ఒక్క మూత తిప్పితే మణికట్టులో నిప్పు పెట్టినట్టు ఉండేది. ఎవరితోనూ చెప్పడానికి మనసొప్పక, "ఎవరి మూత వాళ్ళే తీసుకోవాలి, ముందు తీసినవాళ్ళు ఫస్ట్" అని పోటీ పెట్టాను. ఆ పోటీలో నా కొత్త చుడీదార్ మీద సాంబారు పడింది గానీ నా గుట్టు మాత్రం కొన్నాళ్ళు బయటపడలేదు.

బయటపడ్డాక సలహాలు మొదలయ్యాయి. కింది వాటాలో ఉండే ఆంటీ నేను గోడ పట్టుకుని మెట్లు దిగుతుంటే చూసి గేటు దగ్గర ఆపింది.

"ఏంది బిడ్డా, గిట్ల దిగుతున్నవ్? ముసలోళ్ళ లెక్క! నాకు సుత గిట్లనే ఉండె. జెర వాము నూనె కాచి రాయి, తగ్గుతది."

ఆవిడ మంచిది, నూనె కూడా తనే కాచి పంపింది. అందరూ ఆవిడలా ఉండరు. పాలు తాగను కాబట్టి అని ఒకరు, ఫోను ఎక్కువ చూస్తాను కాబట్టి అని ఒకరు, ఈ కాలం పిల్లలకి ఒంటికి పని లేదు కాబట్టి అని ఒకరు. రోజంతా నలభై మంది పిల్లల వెనక పరుగెత్తేదాన్ని నేను! పెళ్ళి చేస్తే అన్నీ సర్దుకుంటాయని మా బంధువు ఒకావిడ అంది. ఏ కీలుకి రాయాలండీ పెళ్ళిని, అని అడగబోయాను. అమ్మ నా నడుం మీద గిల్లింది.

నాన్న మాత్రం ఏ సలహా ఇవ్వలేదు. ఆయనది రైల్వే ఉద్యోగం, వారంలో సగం రోజులు ఊళ్ళోనే ఉండరు. డ్యూటీకి బయలుదేరే ముందు వంటింట్లోకి వెళ్ళి, డబ్బాల మూతలూ సీసాల మూతలూ అన్నీ ఒక్కొక్కటిగా వదులు చేసి వెళ్ళేవారు. దానివల్ల కందిపప్పు డబ్బా రెండుసార్లు నేలపాలైంది, చక్కెరకి చీమలు పట్టాయి. అమ్మ సణిగేది. నేను మాత్రం ఆ వదులు మూతలు చూసినప్పుడల్లా నాన్న మీద ప్రేమతో ఉక్కిరిబిక్కిరి అయ్యేదాన్ని.

డాక్టర్లకి చూపించాం. రక్తం తీశారు, ఎక్స్‌రేలు తీశారు. అన్నీ నార్మల్. రిపోర్టు చూసి ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఏదో ఒకటి దొరికి ఉంటే నేను అబద్ధం ఆడటం లేదని అందరికీ తెలిసేది కదా. "టెన్షన్లు తగ్గించుకోమ్మా" అన్నాడు డాక్టరు, తలెత్తకుండానే. నాకు అంతకుముందు టెన్షన్లు లేవు. ఆయన మాట విన్నాక వచ్చాయి.

అప్పుడు అమ్మ, తన పద్ధతిలో తన పని మొదలుపెట్టింది.

మా అమ్మ పుట్టింది కోస్తా వైపు. పెళ్ళై సికింద్రాబాదు వచ్చినప్పటినుంచీ మా చర్చే ఆమెకి పుట్టిల్లు. స్త్రీల సమాజంలో ఆమె మాటకి తిరుగులేదు. ఒక శుక్రవారం సాయంత్రం ఆ ఆంటీలందరినీ మా ఇంటికి ప్రార్థనకి పిలిచింది. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చారు, పాటలు పాడారు, నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. ఒకరు తల మీద, ఒకరు భుజాల మీద, ఇద్దరు మోకాళ్ళ మీద చేతులు ఉంచి ప్రార్థన చేశారు. నేను వెక్కివెక్కి ఏడ్చాను. నొప్పితో కాదు. రిపోర్టులో ఏముందని అడగకుండా నా మోకాళ్ళని నమ్మిన మొదటి మనుషులు వాళ్ళు. ఆ అరచేతుల వెచ్చదనం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఈ కథలో ఆ ఆంటీల మీద నేను ఎంత విసుక్కున్నా, ఆ సాయంత్రాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వను.

ఆ తర్వాత నిజంగానే తగ్గింది. ఒకరోజు కాదు, వారాల తరబడి తగ్గింది. పొద్దున లేస్తే వేళ్ళు మామూలుగా ముడుచుకుంటున్నాయి. మెట్లు దూకుతూ దిగాను. క్లాసులో పిల్లల మూతలన్నీ నేనే తీశాను, అడగని వాళ్ళవి కూడా. ఇక ఆ పీడ వదిలిందనుకున్నాను.

మా చర్చిలో నెలకొక ఆదివారం సాక్ష్యాలు ఉంటాయి. ప్రసంగానికి ముందు మైకు బెంచీల మధ్యకి వస్తుంది. దేవుడు మేలు చేశాడనుకున్నవాళ్ళు లేచి నిలబడి ఆ మేలేంటో చెప్తారు. పరీక్ష పాసైంది, ఉద్యోగం వచ్చింది, ఆపరేషన్ బాగా జరిగింది. సంఘమంతా "స్తోత్రం" అంటుంది. నా చిన్నప్పుడు అమ్మ తన మోకాళ్ళ నొప్పి పోయిందని చెప్పిన సాక్ష్యాన్ని ఇప్పటికీ కొందరు ఆంటీలు తలుచుకుంటారు. ఆరోజు ముందు బెంచీలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

ఆ నెల మైకు రాగానే అమ్మ లేచి నిలబడింది. ముందు బెంచీ వీపు పట్టుకుని లేవడం ఆమెకి అలవాటు. నన్ను ఒక్క మాట కూడా అడగలేదు. నేను చర్చి పాటల బృందంతో పాటు క్వయర్ బెంచీల్లో కూర్చుని ఉన్నాను. అవి ప్రసంగం చేసే పుల్పిట్ పక్కన, జనానికి ఎదురుగా ఉంటాయి కాబట్టి పారిపోవడానికి దారి లేదు.

"డాక్టర్లు కనిపెట్టలేని జబ్బుని దేవుడు ముట్టాడు. నా బిడ్డకి పూర్తి స్వస్థత కలిగింది. ఇక ఈ నొప్పులు తిరిగి రావు," అంది అమ్మ. గొంతు వణికింది. సంతోషంతోనే వణికింది.

స్తోత్రాలతో పైకప్పు ఎగిరిపోయింది. ఆరాధన అయ్యాక ఆంటీలు నా చేతులు పట్టుకుని వేళ్ళు వంచి చూశారు. ఒకావిడ నాచేత గుంజీలు తీయించినంత పని చేసింది. నేను నవ్వుతూ అన్నీ చేసి చూపించాను.

పదిరోజులు తిరక్కుండానే, బాత్రూంలో తడిబట్టలు పిండుతుంటే, కుడి మణికట్టు కలుక్కుమంది. మర్నాడు పొద్దున మోకాళ్ళు. వెళ్ళిన చుట్టం సామాను మర్చిపోయి తిరిగొచ్చినట్టు వచ్చింది నొప్పి, ఈసారి తీరిగ్గా.

ఇక్కడే మావాళ్ళ పద్ధతిలో ఒక చిక్కు ఉంది. మేలు జరిగిందని చెప్పడానికి మా దగ్గర ఒక ఆదివారం ఉంది, మైకు ఉంది, చప్పట్లు ఉన్నాయి. ఆ మేలు మళ్ళీ పోయిందని చెప్పడానికి ఏ ఆదివారమూ లేదు. చెప్పిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకున్నవాళ్ళని నేను చూడలేదు. చూడలేదు కాబట్టి అందరి మేళ్ళూ నిలిచిపోయాయనే అనుకుంటూ పెరిగాను.

"ఎవరితోనూ అనకు. కొంచెం ఓర్చుకో, మళ్ళీ తగ్గుతుంది," అంది అమ్మ, నేను చెప్పగానే. చేతిసంచిలోంచి నొప్పి బామ్ తీసి ఇచ్చింది. ఆ డబ్బా ఆమె సంచిలో ఎప్పుడూ ఉండేది. నాకోసమే పెట్టుకుందనుకున్నాను.

అలా నా నొప్పి రహస్యమైపోయింది. దాచడం మొదలుపెడితే అది నొప్పి కంటే పెద్ద పని. దగ్గర్లోని క్లినిక్‌లో మా చర్చి ఆంటీ ఒకావిడ నర్సు, అటు వెళ్ళడానికి లేదు. ఆదివారం అందరి కంటే ముందు లేచి నిలబడాలి, అందరి తర్వాత కూర్చోవాలి. మోకాళ్ళూని ప్రార్థన చేశాక లేచేటప్పుడు ముఖం మీద చిరునవ్వు ఉండాలి. నాకు స్వతహాగా అంత ఓపిక లేదు. లోపల ఉడికిపోయేదాన్ని. దేవుడి మీద కాదు, అమ్మ మీద.

అన్నిటికంటే పెద్ద చిక్కు క్వయర్‌తో వచ్చింది. పదిహేనో ఏటినుంచి నేను అందులో ఆల్టో పాడుతున్నాను. ఆల్టో అంటే పాటలో పై రాగం కాదు, కింద ఆనుకుని నడిచే రెండో గొంతు. అది ఉన్నప్పుడు ఎవరికీ వినపడదు, లేకపోతే పాట బోసిగా ఉంటుంది. నాకు ఈ లోకంలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఆ వరస. అక్కడ నిలబడి, పక్కవాళ్ళ గొంతుల్లో నా గొంతు కలిసిపోయిన క్షణాల్లో నేను ఎంత మంచిదాన్నో నాకే ఆశ్చర్యంగా ఉంటుంది.

మా క్వయర్ మాస్టరు ఒకప్పుడు స్కూల్లో డ్రిల్ మాస్టరు. ఆ వాసన ఇంకా పోలేదు. క్వయర్ అంటే నిలబడి పాడాల్సిందే, వీపు నిటారుగా, పుస్తకం ఛాతీ ఎత్తులో. కూర్చుంటే కడుపు మడతపడుతుంది, గొంతు చస్తుంది అంటారాయన. నిలబడలేనివాళ్ళు "రెస్ట్" తీసుకోవాలి. నా పక్కన పాడే ఒక ఆంటీ మోకాళ్ళు అరిగి ఒక ఏడాది రెస్ట్ తీసుకుంది. ఆమె ఇప్పటికీ వెనక బెంచీలో కూర్చుని రెస్ట్ తీసుకుంటూనే ఉంది. గుడ్ ఫ్రైడే దగ్గరపడుతోంది. ఆరోజు మూడు గంటలపాటు ఆరాధన, ఒక్కో ప్రసంగం తర్వాత క్వయర్ లేచి పాడాలి. ప్రాక్టీసుల్లోనే నా చీలమండలు ఉబ్బిపోతున్నాయి. రెస్ట్ తీసుకుంటానని నేనంటే, ఆ వరసలోకి తిరిగి రానని నాకు తెలుసు. కుర్చీ కావాలంటే, అమ్మ సాక్ష్యం ఏమవుతుందో కూడా తెలుసు.

స్కూల్లో నాతో పనిచేసే టీచరు చెప్పగా యాప్రాల్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. అంత దూరంలో చర్చివాళ్ళెవరూ తగలరని నా ధీమా. బస్సు మారి, ఆటో ఎక్కి, గతుకుల్లో ఎగిరెగిరిపడి, నొప్పి దాచుకోవడానికి వెళ్ళి ఇంకాస్త నొప్పి తెచ్చుకున్నాను. ఆవిడ నా రిపోర్టులు పక్కన పెట్టి ముందు నా చేతులు తీసుకుంది. ఒక్కో వేలు, ఒక్కో కణుపు నొక్కి చూసింది. పొద్దున లేచాక ఎంతసేపు బిగుసుకుని ఉంటాయని అడిగింది. ఆ ప్రశ్న అంతవరకూ నన్నెవరూ అడగలేదు.

"దీనికి ఇప్పుడే పేరు పెట్టలేను," అంది. "కొందరికి కొన్నాళ్ళకి తెలుస్తుంది, కొందరికి తెలియకుండానే తగ్గుతుంది. పరీక్షలో దొరకలేదంటే నొప్పి లేదని కాదు. ఉంది, నేను నమ్ముతున్నా. పేరు తెలిసేదాకా బతకడం ఆపుతావా ఏంటి?"

"ఆపను మేడం," అన్నాను.

"మంచిది. రోజూ ఈ వ్యాయామాలు చెయ్యి, మరీ ఎక్కువ ఉన్నప్పుడు ఈ మాత్ర వేసుకో, అప్పుడప్పుడూ వచ్చి చూపించు. ఎక్కువసేపు నిలబడకు. నిలబడే పనులు ఏమున్నాయి నీకు?"

"స్కూల్. ఇంకా చర్చిలో పాడతాను."

"స్కూల్లో ఎత్తు స్టూలు వేసుకో. చర్చిలో కూర్చుని పాడు."

"కుదరదు మేడం."

"ఏం, దేవుడు ఒప్పుకోడా?"

"దేవుడు ఒప్పుకుంటాడు మేడం. మా క్వయర్ మాస్టరే ఒప్పుకోరు."

ఆవిడ పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, నాకు నేనే కొత్తగా అనిపించాను. నొప్పి అంతే ఉంది. కానీ అది నాది అని ఒప్పుకున్నాక దాని ముందు వంగి ఉండాల్సిన పని లేదనిపించింది.

స్కూల్లో స్టూలు ఒక్కరోజులో వచ్చింది. ప్రిన్సిపల్ మేడం కారణం కూడా సరిగ్గా వినలేదు. చర్చిలో అంత సులువు కాలేదు. ప్రాక్టీసు అయ్యాక క్వయర్ మాస్టరుని పక్కకి పిలిచి చెప్పాను. ఆయన చాలాసేపు చేతిలో పుస్తకాలు సర్దుతూ ఉన్నారు.

"మీ అమ్మ అంత పెద్ద సాక్ష్యం చెప్పింది కదా బేటా? ఇప్పుడు నువ్వు గంతమంది ముందల కూసుంటే జనం ఏమనుకుంటరు? పరేషాన్ కాకు. ఈ యేడు రెస్ట్ తీసుకో. వచ్చే యేడు చూద్దాం."

"రెస్ట్ తీసుకోను అంకుల్. పాడతా. కూర్చుని పాడతా," అన్నాను.

"ముందు మీ అమ్మతోని మాట్లాడు," అన్నారు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ బీరకాయలు కోస్తోంది. యాప్రాల్ వెళ్ళిన సంగతి, కుర్చీ సంగతి అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

"అయితే నేను అబద్ధం చెప్పాననా? ఆరోజు నీకు తగ్గిందా లేదా?"

"తగ్గింది."

"మరి?"

"మళ్ళీ వచ్చింది కదమ్మా."

"వస్తే ఇంట్లో చెప్పు, బయటెందుకు? సాక్ష్యం చెప్పాక వెనక్కి తీసుకుంటే నన్ను కాదే, దేవుణ్ణే తక్కువ చేసినట్టు."

"అంటే దేవుడి పరువు నా మోకాళ్ళ మీద ఆధారపడి ఉందా?"

అమ్మ కత్తి పక్కన పెట్టింది. కొట్టేస్తుందేమో అనుకున్నాను. కొట్టలేదు. "కొంచెం ఓర్చుకోవడం నేర్చుకో. నేను ఓర్చుకోవడం లేదా?" అంది మెల్లగా. దేన్ని అని నేను అడగలేదు. నాన్న డ్యూటీల గురించో, నన్ను పెంచడం గురించో అనుకుని, నా గదిలోకి వెళ్ళి ధడాలున తలుపేసుకున్నాను. వేసుకున్నాక మణికట్టు పట్టుకుని కూర్చున్నాను.

గుడ్ ఫ్రైడేకి ముందు వచ్చిన ఆదివారాల్లో ఒకటి సాక్ష్యాల ఆదివారం. ఆ పొద్దున మోకాళ్ళు బాగా పట్టేసి ఉన్నాయి. ఒక రకంగా మేలే అయింది, ధైర్యం తెచ్చుకోవాల్సిన అవసరం లేకపోయింది. మైకు మా వరస దగ్గరికి రాగానే చెయ్యి చాపి తీసుకున్నాను. అమ్మ ఆడవాళ్ళ వైపు రెండో బెంచీలో ఉంది. నా చెయ్యి చూసి ఆమె ముఖం పాలిపోయింది. ఒక్క క్షణం మైకు పక్కవాళ్ళకి ఇచ్చేద్దామా అనిపించింది.

మా పాస్టరు అయ్యగారు లేచి నిలబడమన్నట్టు చేత్తో సైగ చేశారు. అందరూ అలాగే చెప్తారు కదా.

"అయ్యగారూ, నేను కూర్చునే చెప్తాను," అన్నాను మైకులో. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "అందరికీ వందనాలు. మా అమ్మ చెప్పిన సాక్ష్యం నిజం. మీరు మా ఇంటికొచ్చి ప్రార్థన చేశాక నా నొప్పులు తగ్గాయి. అందుకు దేవునికి స్తోత్రం. తర్వాత మళ్ళీ వచ్చాయి. అదీ నిజమే. ఏ జబ్బో ఎవరికీ తెలియదు. యాప్రాల్‌లో ఒక డాక్టరమ్మకి చూపించుకుంటున్నా, వ్యాయామం చేస్తున్నా. ఉద్యోగం మానలేదు. పాట కూడా మానను. గుడ్ ఫ్రైడే రోజు నేను కూర్చుని పాడతాను. అలా కూర్చుంటే నా విశ్వాసం తగ్గిందని ఎవరూ అనుకోవద్దు. మోకాళ్ళు నొప్పి పుడుతున్నాయి, అంతే. ఇదే నా సాక్ష్యం."

ఎవరూ స్తోత్రం అనలేదు. అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత కీర్తన పాడాలి. ప్రతి ఆదివారం చెప్పే మాటే మొదలుపెట్టారు. "అందరం లేచి..." అని ఆగారు. నా వైపు చూశారు.

"లేవగలిగినవాళ్ళు లేచి, లేవలేనివాళ్ళు కూర్చుని పాడదాం," అన్నారు.

మా చర్చిలో అందరూ ఒక్కసారి లేస్తే బెంచీలన్నీ కిర్రుమంటాయి. ఆరోజు ఆ చప్పుడు సగమే వచ్చింది. క్వయర్ బెంచీలు జనానికి ఎదురుగా ఉంటాయి కాబట్టి నాకు అంతా కనిపించింది. వెనక బెంచీలో రెస్ట్ తీసుకుంటున్న ఆల్టో ఆంటీ లేవలేదు. ఇంటికొచ్చి నా మోకాళ్ళ మీద చేతులు పెట్టి ప్రార్థించిన ఇద్దరిలో ఒకరు లేవలేదు. మగవాళ్ళ వైపు కర్రలు పట్టుకుని ఇన్నాళ్ళూ ఎలాగో నిలబడిన పెద్దవాళ్ళు హాయిగా వెనక్కి వాలారు.

అమ్మ లేస్తోంది. ఎప్పటిలాగే ముందు బెంచీ వీపు రెండు చేతులతో పట్టుకుంది. చిన్నప్పటినుంచీ చూస్తున్న దృశ్యమే, కానీ ఆరోజే మొదటిసారి నిజంగా చూశాను. ఆ చేతులు ఎంత గట్టిగా పట్టుకున్నాయో, పెదవి ఎలా కొరుక్కుంటోందో, ముందు ఏ కాలు మీద బరువు వేస్తోందో. అవన్నీ నాకు తెలుసు. నేను కూడా అలాగే లేస్తాను. సగం లేచాక అమ్మ తలెత్తి నావైపు చూసింది. తర్వాత మెల్లగా తిరిగి కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుని, పుస్తకం తెరిచి, పాడటం మొదలుపెట్టింది.

అందరూ అంతకుముందే మొదలుపెట్టారు. నేనే ఆలస్యంగా అందుకున్నాను.

ఆరాధన అయ్యాక కొందరు ఆంటీలు నన్ను చూడనట్టే వెళ్ళిపోయారు. వెళ్ళనీ. క్వయర్ మాస్టరు మాత్రం దగ్గరికి వచ్చారు.

"మొదటి చరణంల నీ ఎంట్రీ పోయింది బేటా. కూసుంటే తాళం సుత కూసుంటదా?" అని కళ్ళు పెద్దవి చేశారు. నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగారు. "ఫ్రైడేకి కుర్చీలు నేనే ఏయిస్తా. చేతుల్లేని కుర్చీలు. చేతులుంటే ఒరిగి కూసుంటరు, ఊపిరి సరిగ్గ రాదు. ఎనక బెంచీల ఆమెకి సుత చెప్పు, ప్రాక్టీసుకి రమ్మను."

ఇంటికి ఆటోలో బయలుదేరాం. సీతాఫల్‌మండి సందుల్లో ఆటో కుదిపినప్పుడల్లా ఇద్దరం ఒకేసారి ముందు కమ్మీ పట్టుకున్నాం. అమ్మ ఏదైనా అంటుందేమోనని చూస్తూ కూర్చున్నాను. అనలేదు. మా మెట్ల దగ్గరికి వచ్చేసరికి నాకే భయం వేసింది. ఈవిడతో నాకు జీవితాంతం మాటల్లేకుండా పోతాయా ఏంటి అనుకున్నాను.

మొదటి అంతస్తు ఎక్కగానే అమ్మ ఆగింది. చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని మెట్టు మీద కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను. ఇద్దరికీ కూర్చోవడానికి ఒకేలా టైం పట్టింది.

"ఎప్పటినుంచమ్మా?" అని అడిగాను.

"నువ్వు చప్పట్లు కొట్టావే, ఆ ఏడాదే మళ్ళీ వచ్చింది," అంది. "అంత గట్టిగా చప్పట్లు కొట్టాక ఎలా చెప్పను?"

అమ్మ భుజానికి తల ఆనించాను. తోసెయ్యలేదు. సంచిలోంచి బామ్ డబ్బా తీసి మూత తిప్పబోయింది, రాలేదు. నా చేతికిచ్చింది. నేను పళ్ళు బిగపట్టి తిప్పాను, నాకూ రాలేదు. ఒకళ్ళ ముఖం ఒకళ్ళం చూసుకున్నాం. అమ్మకే ముందు నవ్వొచ్చింది. తర్వాత ఇద్దరం కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాం. కింది వాటా ఆంటీ తలుపు తీసి, "ఏందమ్మా, ఇద్దరు తల్లీబిడ్డలు మెట్ల మీద కూసొని నవ్వుతున్నరు?" అని అడిగేదాకా ఆగలేదు.

ఆవిడే పైకి వచ్చి మూత తీసి ఇచ్చి వెళ్ళింది. అమ్మ ముందు నా మణికట్టుకి రాసింది. తర్వాత డబ్బా నా చేతిలో పెట్టి, మోకాలి దాకా చీర జరుపుకుంది. నేను రాస్తుంటే చాలాసేపు నా వేళ్ళనే చూస్తూ ఉంది.

"అవునే," అంది చివరికి, "ఆ యాప్రాల్ డాక్టరమ్మ, పెద్దవాళ్ళ మోకాళ్ళు కూడా చూస్తుందా?"

"చూస్తుందమ్మా."

"అయితే ఈసారి వెళ్ళేటప్పుడు నన్ను కూడా తీసుకెళ్ళు."